లెక్కలోకి రాని పరుగు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమన్నప్పుడు అందరూ బ్యాంకు లింకేజీ గురించో రికవరీ గురించో చెబుతాననుకున్నారు. నేను పరుగు పందెం గురించి చెబుతానన్నాను. మా వీఓఏ నవ్వింది. "అక్కా, నీకూ పరుగు పందేనికీ ఏం సంబంధం?" అంది. సంబంధం ఉంది. మా సంఘం తీర్మానాల పుస్తకంలో నా చేత్తో రాసిన ఒక మాట ఉంది. దాని గురించి చెప్పాలంటే ముందు విశాఖపట్నం పిల్ల ఒకామె గురించి చెప్పాలి.

ఆ అమ్మాయి పేరు జ్యోతి యర్రాజి. 1999 ఆగస్టు 28న విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి సూర్యనారాయణ గారు ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. తల్లి కుమారి గారు ఇళ్లలో పనిచేస్తూ, ఆసుపత్రిలో కూడా శుభ్రం చేసే పనికి పోయేవారు. మనలాంటి ఇల్లే అక్కా అది. ఒకరి జీతం బియ్యానికి, ఒకరి జీతం అద్దెకు సరిపోయే ఇల్లు. ఆడపిల్లని ఆటలకు పంపకుండా ఆపడానికి మన ఇళ్లలో ఎన్ని కారణాలు ఉంటాయో ఆ ఇంట్లోనూ అన్నీ ఉన్నాయి.

జ్యోతి పోర్ట్ హైస్కూల్లో చదివేటప్పుడు అక్కడి వ్యాయామం మాస్టారు ఈ పిల్ల పొడుగు చూసి, ఈమె హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తుపట్టారు. 2015లో జిల్లాల మధ్య జరిగిన పోటీల్లో గెలిచింది. 2016లో హైదరాబాదులో సాయ్ కేంద్రానికి పోయి ఎన్. రమేష్ గారి దగ్గర నేర్చుకుంది. తర్వాత గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీలో ఉన్న కేంద్రంలో చేరింది. ఆ తర్వాత ఒడిశాలోని భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ అనే ఇంగ్లండు కోచ్ దగ్గర సాధన చేసింది. అంటే పదహారు, పదిహేడేళ్ల వయసు నుంచే ఇల్లు వదిలి హాస్టళ్లలో ఉంది. ఆ తల్లి పిల్లని పంపి, తను మాత్రం పనికి పోతానే ఉంది.

హర్డిల్స్ అంటే ఏందో తెలియని వాళ్లకు చెబుతా. వంద మీటర్ల పరుగు. దారిలో పది అడ్డుకర్రలు పెడతారు. ఒక్కోటి రెండు అడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు, మన నడుం దగ్గరికి వస్తుంది. మొదటి కర్ర 13 మీటర్ల దగ్గర. అక్కడి నుంచి ఎనిమిదిన్నర మీటర్లకు ఒకటి. కర్రకూ కర్రకూ మధ్య మూడే అడుగులు వేయాలి, నాలుగో అడుగుకు గాల్లో ఉండాలి. ఒక అడుగు తేడా వచ్చిందంటే లయ తప్పుతుంది. ఇంకో మాట. పొరపాటున కాలు తగిలి కర్ర పడిపోతే పందెం నుంచి తీసెయ్యరు. కర్ర పడినా ఆగకుండా పరిగెత్తొచ్చు. నాకు ఈ నియమం బాగా నచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మన దేశంలో ఈ పందేనికి ఒడిశాకు చెందిన అనురాధ బిస్వాల్ గారు 2002లో 13.38 సెకన్ల రికార్డు పెట్టారు. ఇరవై ఏళ్లు దాన్ని ఎవరూ దాటలేదు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో యూనివర్సిటీల పోటీలు జరిగితే జ్యోతి 13.03 సెకన్లలో పరిగెత్తింది. పాత రికార్డు ఎగిరిపోయినట్టే గదా? లేదు. ఆ పోటీల్లో మందుల పరీక్ష ఏర్పాటు లేదు. పరీక్ష జరగని పరుగును రికార్డుగా రాయరు. అందుకని అది లెక్కలోకి రాలేదు.

2022 ఏప్రిల్లో కేరళలోని కోజికోడులో మళ్లీ పరిగెత్తింది. 13.09. ఇదీ పాత రికార్డు కంటే మెరుగే. కానీ వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ సమయం రికార్డుకు పనికిరాదు. ఆ రోజు గాలి 2.1 ఉంది. మళ్లీ లెక్కలోకి రాలేదు.

మనమైతే ఏం చేస్తాం? "నా రాత ఇంతే" అని కూర్చుంటాం. ఆ పిల్ల తర్వాతి నెల, అంటే మే నెలలో సైప్రస్ అనే దేశం పోయి 13.23లో పరిగెత్తింది. ఈసారి గాలి సరిగా ఉంది, పరీక్షా ఉంది. రికార్డు రాశారు. అదే నెలలో ఇంగ్లండులో 13.11, నెదర్లాండ్స్‌లో 13.04. ఒక్క నెలలో మూడుసార్లు రికార్డు తిరగరాసింది. అక్టోబరులో జాతీయ క్రీడల్లో 12.79లో పరిగెత్తితే మళ్లీ గాలి ఎక్కువైందని తీసేశారు. అదే నెలలో బెంగళూరులో 12.82. అది నిలిచింది. 13 సెకన్ల లోపు వంద మీటర్ల హర్డిల్స్ పూర్తి చేసిన మొదటి భారతీయ మహిళగా పేరు రాశారు.

అక్కలారా, మన పంచసూత్రాల్లో ఐదోది పుస్తకాల నిర్వహణ. ఎంత పొదుపు చేసినా పుస్తకంలో రాయకపోతే బ్యాంకు దృష్టిలో చేయనట్టే. మొదట్లో మన సంఘాల్లో ఎంతమంది కొంగుముడిలో కట్టుకొచ్చిన డబ్బులు రాతలోకి రాక పోయినాయో మీకు తెలుసు. కాబట్టి నియమం మీద నాకు కోపం లేదు. నియమం అందరికీ ఒకటే. చేసింది లెక్కలోకి రాలేదని ఆగిపోకుండా, లెక్కలోకి వచ్చేలా మళ్లీ చేసింది చూడండి, అదీ నేను జ్యోతి దగ్గర నేర్చుకున్నది.

2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్ జరిగితే 13.09 సెకన్లలో బంగారు పతకం గెలిచింది. ఆ పందెంలో మన దేశానికి అదే మొదటి బంగారం. ఆగస్టులో చైనాలో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78తో కాంస్యం, మళ్లీ దేశ రికార్డు. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత రావాలంటే 12.77 కావాలి. వందో వంతు తక్కువ పడింది. ఒక సెకనును వంద ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. మనం రెప్ప కొట్టేంత సేపు కూడా కాదు. మరుసటి ఏడాది ఫిన్లండ్‌లో పరిగెత్తితే మళ్లీ అదే 12.78. అయినా ప్రపంచ ర్యాంకింగులో ముందుండటం వల్ల ఒలింపిక్స్‌కు పోయింది. ఈ పందెంలో ఒలింపిక్స్‌లో పరిగెత్తిన మొదటి భారతీయురాలు మన విశాఖపట్నం పిల్ల.

ఇంకో సంగతి చెప్పాలి. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల ఫైనలు. తుపాకీ పేలకముందే పక్కనున్న చైనా అమ్మాయి కదిలింది. ఆమెను చూసి జ్యోతి కూడా కదిలింది. అధికారులు ఇద్దరికీ ఎర్ర కార్డు చూపించారు. అంటే బయటికి పొమ్మని. పరాయి దేశం, పరాయి భాష, స్టేడియం నిండా వాళ్ల జనం. జ్యోతి ఏడ్చుకుంటూ బయటికి పోలేదు. నిలబడి అడిగింది. వీడియో చూడమంది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చి, నిర్ణయం తర్వాత చెబుతామన్నారు. మనసు అంత అల్లకల్లోలంగా ఉన్నప్పుడు కూడా 12.91లో పరిగెత్తి మూడో స్థానంలో వచ్చింది. ఆ తర్వాత ముందు కదిలింది చైనా అమ్మాయేనని తేల్చి ఆమెను తీసేశారు. జ్యోతికి వెండి పతకం వచ్చింది. ఆ రోజు అడక్కుండా పక్కకు పోయి ఉంటే పతకం కాదు గదా, పరుగే లేదు.

మనం బ్యాంకు కౌంటరు దగ్గర "రేపు రండి" అంటే తలూపి వచ్చేస్తాం చూడండి, అప్పుడు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

ఆమెకు అర్జున అవార్డు వచ్చింది. 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా చాంపియన్‌షిప్ బంగారం రెండోసారి గెలిచింది, 12.96 సెకన్లతో ఆ పోటీల రికార్డు కూడా కొట్టింది. ఆ తర్వాత సాధనలో మోకాలికి దెబ్బ తగిలి ఆ ఏడాది పెద్ద పోటీలకు దూరమైంది. ఆమె కథ అంతా పతకాలే కాదు. పారిస్‌లో కూడా మొదటి రౌండులో ఏడో స్థానంలో వచ్చింది, ముందుకు పోలేదు. ఓడిన రోజులు కూడా చెప్పకపోతే మన పిల్లలకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

పక్కన తెలంగాణలో ఇంకో బిడ్డ ఉంది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం. జీవాంజి దీప్తి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలలో వైకల్యం. తల్లిదండ్రులు కూలీలు. ఊళ్లోవాళ్లు పేర్లు పెట్టి వెక్కిరించారు. అనాథాశ్రమంలో వదిలెయ్యమని తల్లికి సలహా కూడా ఇచ్చారంట. తల్లి వదలలేదు. ఆ పిల్ల పరుగు చూసి చేరదీసింది కూడా రమేష్ గారే, జ్యోతికి నేర్పిన ఆయనే. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ఆ విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇల్లు గడవక ఒకప్పుడు అమ్ముకున్న పొలాన్ని బిడ్డ గెలిచిన డబ్బుతో మళ్లీ కొనుక్కున్నారు. అమ్మిన పొలం మళ్లీ కొనడమంటే ఏందో నేను మీకు చెప్పాల్సిన పన్లేదు.

ఇప్పుడు మా పుస్తకంలోని మాట చెబుతా.

మా సంఘంలో పది మందిమి. కొన్నేళ్ల కిందట ఒక సమావేశంలో ఒక సభ్యురాలు నాలుగు వేలు అంతర్గత అప్పు అడిగింది. ఆమె కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. బడి ఆటల్లో మండలంలో మొదట వచ్చింది. జిల్లా సెలక్షనుకు పోవాలి. బూట్లు, బస్సు ఛార్జీలు, రెండు రోజుల తిండి. ఆ రోజు మా దగ్గర ముప్పై వేలు ఉన్నాయి. ఇరవై ఐదు వేలు ఒక ఆమెకు బర్రె కోసం ఇచ్చాము. ఇంకా ఐదు వేలు మిగిలినాయి. కాబట్టి డబ్బుల్లేక కాదు. నేనే అన్నాను, "ఆటలకు అప్పేందమ్మా? బర్రె అయితే పాలిస్తది, ఆటలేమిస్తాయి?" అని. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పుస్తకంలో "వాయిదా వేయడమైనది" అని రాశాను. సెలక్షను తేదీ వాయిదా పడదు గదా. ఆ పిల్ల పోలేదు.

పోయిన సీజనులో మిరపకాయల కోతకు పోతే ఆ అమ్మాయి కూడా మాతో కూలికి వచ్చింది. పది పాసైంది, తర్వాత చదువు సాగలేదు. చేను మధ్యలో నీళ్ల కాలువ ఉంది. మేమంతా చీర ఎగ్గట్టుకుని దిగి ఎక్కుతున్నాం. ఆ పిల్ల భుజాన కాయల గోతంతో ఒక్క అంగలో అవతలికి దూకింది. గోతంలోంచి ఒక్క కాయ కింద పడలేదు. నేను అక్కడే నిలబడిపోయాను. "ఎట్టా దూకినావే?" అన్నాను. "ఊరికే, పిన్నీ" అని నవ్వి కోతలో పడింది.

ఆ రాత్రి వాళ్లింటికి పోయి వాళ్లమ్మతో అన్నాను, ఆ రోజు నేను తప్పు చేశాను వదినా అని. ఆమె ఏమందో తెలుసా? "నువ్వు ఇవ్వనన్నందుకు కాదులే. నేను రెండోసారి అడగలేదు. మీరంతా నవ్వేసరికి నాకే సిగ్గేసింది" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

జ్యోతి పరుగులు లెక్కలోకి రానప్పుడు ఎందుకు రాలేదో ఒక కారణం ఉంది. గాలి ఎక్కువైంది, పరీక్ష లేదు. ఈ పిల్ల పరుగు లెక్కలోకి రాకపోవడానికి కారణం నేను. నా నవ్వు. అందుకే ఈ వేదిక ఎక్కాను.

నేను ఆ పిల్ల జ్యోతి అయ్యేదని అనడం లేదు. జిల్లాలో ఓడిపోయేదేమో. ఓడిపోయినా ఆమె ఓటమి ఆమెది. మేము దాన్ని కూడా తీసేసుకున్నాం. ఆడిన ప్రతి పిల్లకూ పతకం రాదు. కానీ ఆటలో ఉన్న పిల్ల బడిలో ఉంటుంది. బడిలో ఉన్న పిల్లకు పదహారేళ్లకు పెళ్లి మాట ఎత్తడానికి ఇంట్లోవాళ్లు కొంచెం ఆలోచిస్తారు. మన పడమటి మండలాల్లో ఇది చిన్న విషయం కాదు. వానలు లేని ఏడు కుటుంబాలకు కుటుంబాలు వలస పోతే ముందు బడి మానేది ఎవరో మనందరికీ తెలుసు.

మీరు ఏమంటారో నాకు తెలుసు. నిక్కరేసుకుని పదిమందిలో ఎట్టా పరిగెత్తిద్ది అంటారు. మనం చేలో చీర మోకాళ్ల పైకి కట్టుకుని నాట్లేస్తాం. పని కోసం కట్టుకుంటే తప్పులేదు, పరుగు కోసం అయితే తప్పా? బయటి ఊరికి ఎవరితో పంపేది అంటారు. ఇది న్యాయమైన భయం. దీన్ని నేను కొట్టిపారెయ్యను. తల్లో, పిన్నో ఒకరు తోడు పోవాలి. వెంట ఎవరు వస్తున్నారు, ఆడ టీచరు ఉన్నారా, రాత్రి ఎక్కడ పడుకుంటారు అని బళ్లో నిలదీసి అడగాలి, ఫోను నెంబరు తీసుకోవాలి. అడగడానికి సిగ్గుపడొద్దు. నెలసరి రోజుల్లో ఏం చెయ్యాలో పిల్లకు ముందే చెప్పి పంపాలి. తిండి అంటారా, ఉడికించిన గుడ్డు, వేరుశనగ ఉండ, రాగి సంకటి మనకు కొత్తవి కాదు. ఇంట్లో మగపిల్లాడి కంచంలో పెట్టే గుడ్డు ఆడపిల్ల కంచంలో కూడా పెట్టండి, అంతే. బళ్లో ఇచ్చే ఐరన్ మాత్ర మింగుతుందో లేదో చూడండి.

బడుల ఆటల పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసు ప్రకారం ఉంటాయి. వయసు దాటితే ఆ అవకాశం మళ్లీ రాదు. కాబట్టి బడి తెరిచిన మొదట్లోనే వ్యాయామం టీచరును కలవండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, ఆధార్‌లో పేరు, తేదీ సరిగా ఉన్నాయో చూసుకోండి. కాగితం సరిగా లేక ఆగిపోయే పరుగులు కూడా ఉంటాయి.

ఇక నా విన్నపం. మన గ్రామ సంఘాల్లో చదువు కోసం అప్పు అంటే ఎవరూ నవ్వరు. ఆడపిల్లల ఆటల ఖర్చును కూడా చదువు ఖర్చు కిందే చూడాలని, సెలక్షన్లకు పోయే పిల్ల తల్లి అప్పు అడిగితే వాయిదా వెయ్యకుండా ఆ సమావేశంలోనే తేల్చాలని ఈ మహాసభ తీర్మానం చెయ్యాలని కోరుతున్నాను. పెద్ద మొత్తాలు కావు. రెండు వేలు, నాలుగు వేలు. బర్రెకు ఇచ్చే దాంట్లో ఆరో వంతు కూడా కాదు. తిరిగి కట్టే విషయంలో ఎవరికైనా అనుమానం ఉంటే మా సంఘం పుస్తకం చూడండి. ఆ వదిన ఇంతవరకు ఒక్క కంతు తప్పలేదు.

ఆమెకు రెండో కూతురు ఉంది. ఏడో తరగతి. ఈ ఏడాది మండలం పోటీల్లో రెండో స్థానం వచ్చింది. ఈసారి వదిన అప్పు అడగలేదు. నేనే అడిగాను, "బూట్లకెంత అయిద్ది?" అని. నెల రోజుల కిందట మా సంఘం తీర్మానాల పుస్తకంలో రాసుకున్నాం: "ఫలానా సభ్యురాలి కుమార్తె ఆటల ఖర్చు నిమిత్తం రూ. 4,000 మంజూరు." కింద పది సంతకాలు. ఆ పిల్ల పొద్దున్నే చెరువు కట్ట మీద పరిగెత్తుతుంటే పక్కన పెద్దది నిలబడి ఫోనులో టైము చూస్తా ఉంటుంది. ఆ టైము నోటు పుస్తకంలో రాస్తా ఉంది. తేదీ వేసి మరీ రాస్తా ఉంది.

తీర్మానానికి మీరంతా చేతులెత్తాలని కోరుకుంటున్నాను.